దవడ కీలు నొప్పి: ఒక పాత నొప్పి చరిత్ర

రెండు చెవుల ముందు ఒక్కో వేలు పెట్టి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద ఏదో కదులుతుంది కదా? అదే దవడ కీలు.

కీలు అంటే రెండు ఎముకలు కలిసే చోటు. మోకాలు ఒక కీలు, మోచెయ్యి ఒక కీలు. దవడకి రెండు కీళ్ళు ఉన్నాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఏకవచనం "కీలు", బహువచనం "కీళ్ళు". ముసలివాళ్ళు "కీళ్ళ నొప్పులు" అంటే మోకాళ్ళ గురించే అనుకుంటాం. కానీ రోజంతా ఎక్కువగా పనిచేసే కీళ్ళలో దవడ కీలు ఒకటి. తినడం, మాట్లాడడం, ఆవులించడం, మింగడం, అన్నిటికీ అది కదలాలి.

ఈసారి నేను ఈ కీలు నొప్పి చరిత్ర రాస్తున్నాను. కారణం సొంతదే. రెండేళ్ళ క్రితం నాకు ఈ నొప్పి వచ్చింది. మా అమ్మకి 1990లలో వచ్చింది. మా ఇద్దరికీ చెప్పిన వైద్యం దాదాపు ఒకటే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని చదివాను. చదివింది తెలుగులో చెప్పడం కష్టమే, కానీ ప్రయత్నిస్తాను. కష్టమైన మాట వస్తే అక్కడే అర్థం చెప్తాను.

కీలు ఎలా పనిచేస్తుంది

చరిత్రకి ముందు కొంచెం శరీరం గురించి చెప్పాలి. కింది దవడ ఎముకకి రెండు చివర్లలో గుండ్రటి తలలు ఉంటాయి. అవి చెవి ముందు, పుర్రె ఎముకలో ఉన్న చిన్న గుంటల్లో కూర్చుంటాయి. తలకీ గుంటకీ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. ఎముక ఎముకకి తగలకుండా అది అడ్డంగా ఉంటుంది.

నోరు కొంచెం తెరిచినప్పుడు ఎముక తల తలుపులాగా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ముందుకి జారుతుంది. బిళ్ళ కూడా దానితో పాటు జారాలి. బిళ్ళ చోటు తప్పితే "టక్" అని చప్పుడు రావచ్చు. పెద్దవాళ్ళు మామూలుగా సుమారు 40 మిల్లీమీటర్లు, లేదా ఇంకొంచెం ఎక్కువ నోరు తెరవగలరు. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడితే దాదాపు అంతే.

ఈ కీలుని కదిపేవి నమిలే కండరాలు. ఒకటి చెంపలో ఉంది. ఇంకొకటి కణత మీద ఉంది. కణత అంటే కంటికీ చెవికీ మధ్య ఉండే చోటు. పళ్ళు గట్టిగా కరిచి చూడండి, చెంపా కణతా రెండూ ఉబ్బుతాయి. అందుకే దవడ సమస్య తలనొప్పిలాగా, చెవిపోటులాగా కూడా కనిపిస్తుంది.

బొటనవేళ్ళ వైద్యం

ఈ కీలు గురించి రాసిన చాలా పాత రాత ఈజిప్టులో ఉంది. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ లక్సర్ ఊళ్ళో ఒక పాపిరస్ చుట్ట కొన్నాడు. అది క్రీ.పూ. 1600 ప్రాంతంలో రాసింది, అంతకన్నా పాత పుస్తకానికి నకలు. నకలు అంటే చూసి రాసిన ప్రతి. 1930లో జేమ్స్ బ్రెస్టెడ్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. అందులో 48 కేసులు ఉన్నాయి. 25వ కేసు దవడ జారిన మనిషిది.

అతని నోరు తెరుచుకుని ఉంది, మూసుకోవడం లేదు. వైద్యుడు రెండు బొటనవేళ్ళు నోటి లోపల, దవడ చివరల మీద పెట్టాలి. మిగతా వేళ్ళు గడ్డం కింద పెట్టాలి. అలా పట్టుకుని దవడని దాని చోటికి వెనక్కి దింపాలి. ఇక్కడ ఒక మాట గమనించండి. తెలుగులో "గడ్డం" అంటే మొహం కింద ఉండే భాగం, అక్కడ పెరిగే వెంట్రుకలు కూడా. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. సంస్కృతంలో దవడని "హనువు" అంటారు. ఈ మాట మీకు తెలియకపోయినా, దాని మీద పెట్టిన పేరు మీకు తెలుసు. చిన్నప్పుడు ఆంజనేయుడు సూర్యుణ్ణి పండు అనుకుని ఆకాశంలోకి ఎగిరాడు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. ఎడమ హనువు విరిగింది. అందుకే ఆయన హనుమంతుడు అయ్యాడని వాల్మీకి రామాయణం చెప్తుంది. దవడ దెబ్బతో పేరు వచ్చిన దేవుడు మనకి ఉన్నాడు!

చరక సంహితలో వాత రోగాల చికిత్స అధ్యాయంలో "హనుగ్రహం" ఉంది. "గ్రహం" అంటే ఇక్కడ పట్టుకోవడం. దవడ పట్టేయడం అన్నమాట. ఇంట్లో పెద్దవాళ్ళు "మెడ పట్టేసింది" అంటారు కదా, అదే ఆలోచన. నోరు తెరుచుకుని ఉండిపోతే ముందు దవడకి కాపడం పెట్టమంటుంది చరక సంహిత. కాపడం అంటే వేడి గుడ్డతోనో, వేడి మూటతోనో ఒళ్ళు వెచ్చబరచడం. తర్వాత బొటనవేళ్ళతో దవడని నొక్కి, చూపుడు వేళ్ళతో గడ్డాన్ని పైకి ఎత్తాలి. సుశ్రుత సంహిత కూడా దవడ కీలు తప్పినప్పుడు దాన్ని చోటికి తెచ్చి, కాపడం పెట్టి, "పంచాంగి" అనే కట్టు కట్టమంటుంది.

ఈజిప్టు వైద్యుడూ చరకుడూ ఒకరి పుస్తకం ఒకరు చదివి ఉంటారని నేను అనుకోను. ఇద్దరి వేళ్ళూ ఒకే చోటికి వెళ్ళాయి, ఎందుకంటే కీలు ఒకటే. గ్రీసులో హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న పుస్తకాల్లో కూడా ఇలాంటి పద్ధతే ఉంది. ఈరోజు సింగపూర్‌లో ఎవరైనా ఆవులిస్తూ దవడ జారి అత్యవసర విభాగానికి వెళ్తే, డాక్టర్ చేతులు దాదాపు ఇలాగే పనిచేస్తాయి. ఇంట్లో మాత్రం ఎవరూ చేయకూడదు. దవడ ఒక్కసారిగా మూసుకుంటే వేళ్ళు నలిగిపోతాయి.

కానీ గమనించండి, ఇదంతా జారిన దవడ గురించి. అది కంటికి కనిపిస్తుంది. నోరు మామూలుగానే ఉండి, నొప్పి మాత్రం నెలల తరబడి ఉంటే? ఆ నొప్పికి కారణం వెతకడం చాలా ఆలస్యంగా మొదలైంది. అక్కడే గొడవ కూడా మొదలైంది.

తప్పు పళ్ళదే అన్న కాలం

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్ ఒక వ్యాసం రాశాడు. అందులో 11 మంది రోగులు ఉన్నారు. వాళ్ళకి చెవిపోటు, చెవి మూసుకుపోయినట్టు ఉండడం, చెవిలో హోరు, తల తిరగడం, తలనొప్పి ఉన్నాయి. కాస్టెన్ ఇలా ఆలోచించాడు: వెనక పళ్ళు ఊడిపోయాయి. అందుకని కింది దవడ ఎక్కువగా పైకి మూసుకుంటోంది. ఎముక తల వెనక్కి వెళ్ళి నరాల మీదా, చెవి గొట్టం మీదా నొక్కుతోంది. కాబట్టి పళ్ళ ఎత్తు పెంచితే నొప్పి పోతుంది.

ఈ నొప్పికి "కాస్టెన్ సిండ్రోమ్" అని పేరు వచ్చింది. పేరు వచ్చాక అందరికీ ధైర్యం వచ్చింది. చెవి డాక్టర్ దగ్గరికి వచ్చిన రోగి పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆ రోజుల్లో సింగపూర్ ఎలా ఉంది? ఇక్కడ దంతవైద్యం చదువు 1929లో మొదలైంది, కింగ్ ఎడ్వర్డ్ ది సెవెంత్ వైద్య కళాశాలలో ఒక విభాగంగా. మలయాలో అదే మొదటిది. అంటే కాస్టెన్ వ్యాసం వచ్చేనాటికి మన దంతవైద్య బడికి ఐదేళ్ళే.

1948లో హ్యారీ సిచర్ అనే శరీర నిర్మాణ నిపుణుడు కాస్టెన్ చెప్పింది కుదరదని చూపించాడు. ఎముక తల ఆ నరాల మీద నొక్కేలా మన శరీర నిర్మాణం లేదు. కాస్టెన్ రోగులు చెప్పిన బాధ నిజం. కారణం మాత్రం సరిపోలేదు. అయినా "పళ్ళు సరిగ్గా కలవకపోవడమే కారణం" అన్న నమ్మకం ఇంకా చాలా ఏళ్ళు బతికింది. పళ్ళ ఎత్తు పెంచేవాళ్ళు కొందరు, పళ్ళు అరగదీసేవాళ్ళు కొందరు. అరగదీయడం అంటే రాపిడితో తగ్గించడం.

సింగపూర్ చరిత్రే ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతుంది. 1950ల చివరికి ఈ ద్వీపం మొత్తానికి ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు వచ్చాయి. బడిలో పళ్ళ డాక్టర్లు వచ్చారు. నా తరం వాళ్ళలో చాలామందికి వెనక పళ్ళు అన్నీ ఉన్నాయి. ఊడిన పళ్ళే కారణమైతే, ఈ నొప్పి మా తరానికి కథగా మిగలాలి. కానీ నా స్నేహితుల్లోనే ముగ్గురికి ఉంది.

అమ్మ పళ్ళు, 1976 ప్రయోగం

మా అమ్మకి నొప్పి వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. ఒక చోట "మీ పళ్ళు సమంగా కలవడం లేదు" అని చెప్పి నాలుగు పళ్ళు అరగదీశారు. ఒక నెల బాగుంది. అమ్మ చాలా సంతోషించింది. తర్వాత నొప్పి మెల్లగా తిరిగి వచ్చింది. చల్లటి నీళ్ళు తాగితే ఆ నాలుగు పళ్ళూ జివ్వుమనడం కొత్తగా మొదలైంది. జివ్వుమనడం అంటే చలి ఒక్కసారిగా పంటి లోపలికి దూసుకెళ్ళినట్టు ఉండడం.

ఆ ఒక్క నెల బాగుండడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. చదువుతున్నప్పుడు ఒక ప్రయోగం దొరికింది. 1976లో గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే ముగ్గురు పరిశోధకులు దవడ నొప్పి ఉన్న 25 మందికి పళ్ళు అరగదీస్తున్నట్టు నటించారు. నిజంగా ఏమీ అరగదీయలేదు. ఆ 25 మందిలో 16 మంది నొప్పి పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా పోయిందని చెప్పారు.

దీని అర్థం వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. మా అమ్మ కూడా అబద్ధం చెప్పలేదు. ఈ నొప్పి దానంతట అదే పెరుగుతుంది, తగ్గుతుంది. నొప్పి బాగా ఎక్కువైనప్పుడే మనం డాక్టర్ దగ్గరికి వెళ్తాం, కాబట్టి తర్వాత తగ్గే అవకాశం ఎక్కువ. ఒకరు శ్రద్ధగా చూసి, "బాగవుతుంది" అని చెప్తే కండరాలు కూడా వదులవుతాయి. అరగదీసినట్టు నటించినా ఇంత మేలు జరిగితే, నిజంగా అరగదీయడం ఎందుకు? అరిగిన పంటి పైపొర మళ్ళీ పెరగదు.

తప్పు మనసుదే అన్న కాలం

ఈలోగా ఇంకో ఆలోచన వచ్చింది. 1950లలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో లాస్లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు, చాలామందిలో నొప్పి కీలులో లేదనీ, కండరాల్లో ఉందనీ చెప్పాడు. 1969లో డేనియల్ లాస్కిన్ దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. ఆందోళన వల్ల మనిషి తెలియకుండానే పళ్ళు బిగిస్తాడు. కండరం అలిసిపోతుంది. అలిసిన కండరం నొప్పి పెడుతుంది.

ఇక్కడ రెండు తెలుగు మాటలు నేర్చుకోండి. కోపం వస్తే "పళ్ళు నూరడం". నిద్రలో అయితే "పళ్ళు కొరకడం". "మా బాబు రాత్రంతా పళ్ళు కొరుకుతాడు" అని అమ్మలు అంటారు. పళ్ళు బిగించడం ఇంకొకటి, దానికి చప్పుడు ఉండదు. మెట్రో రైల్లో ఫోను చూస్తూ నేను చేసేది అదే.

ఈ ఆలోచనలో నిజం ఉంది. కానీ దీని వల్ల ఒక చెడు కూడా జరిగింది. ఈ నొప్పితో వైద్యానికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. చాలామందికి "అంతా మీ మనసులోనే ఉంది" అనే జవాబు దొరికింది. ఆ మాట విన్న మనిషి మళ్ళీ అడగదు.

తప్పు బిళ్ళదే అన్న కాలం

1970లలో చూపు మళ్ళీ కీలు మీదికి వెళ్ళింది. ఎముక తలకీ గుంటకీ మధ్య ఉన్న ఆ మెత్తటి బిళ్ళ గుర్తుందా? అది చోటు తప్పుతోందని కొందరు డాక్టర్లు చెప్పారు. 1887లోనే ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ అనే సర్జన్ ఆ బిళ్ళని సరిచేసే ఆపరేషన్ గురించి రాశాడు. ఇప్పుడు కొత్త యంత్రాలతో బిళ్ళని చూడగలిగారు. చూడగలిగితే సరిచేయాలనిపిస్తుంది. ఆపరేషన్లు పెరిగాయి.

బిళ్ళ తీసేస్తే ఆ చోట ఏదో పెట్టాలి. అమెరికాలో విటెక్ అనే కంపెనీ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే పదార్థంతో కృత్రిమ బిళ్ళ చేసింది. 1983లో దాన్ని అమ్మడానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. వేలమందికి పెట్టారు. నమలడం వల్ల అది పొడిపొడి అయింది. శరీరం ఆ ముక్కలతో పోరాడుతూ చుట్టూ ఉన్న ఎముకని కూడా తినేసింది. కొందరికి పుర్రె ఎముక వరకు నష్టం జరిగింది. 1990 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. చాలామందికి వాటిని తీయించుకోవడానికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు అవసరమయ్యాయి. దవడ నొప్పితో వెళ్ళిన మనుషులు, వెళ్ళినప్పటి కన్నా చాలా ఎక్కువ నొప్పితో మిగిలిపోయారు.

తర్వాత స్కానింగులు ఇంకో సంగతి చెప్పాయి. ఏ నొప్పీ లేని మనుషుల్లో కూడా సుమారు మూడోవంతు మందికి బిళ్ళ చోటు తప్పి ఉంటుంది. వాళ్ళు హాయిగా తింటున్నారు, ఆవులిస్తున్నారు. అంటే దవడలో "టక్" అని చప్పుడు వచ్చినా, నొప్పి లేకపోతే, నోరు బాగా తెరుచుకుంటే, వైద్యం అవసరం లేదు.

రోగి మాటని వినడం మొదలైంది

1992లో సింగపూర్‌లో చూయింగ్ గమ్ అమ్మకాన్ని నిషేధించారు. అది రైళ్ళ తలుపుల కోసం, వీధుల శుభ్రత కోసం. మన దవడల గురించి ఎవరూ ఆలోచించలేదు, కానీ గమ్ నమలడం దవడ నొప్పికి మంచిది కాదు!

అదే 1992లో అమెరికాలో శామ్యూల్ డ్వోర్కిన్, లిండా లెరెష్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ నొప్పిని పరీక్షించే ఒక పద్ధతి తయారుచేశారు. అందులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది శరీరం: ఏ కండరం, ఏ కీలు, నోరు ఎంత తెరుచుకుంటుంది. రెండోది మనిషి: నొప్పి ఎంత, దాని వల్ల ఏ పనులు ఆగిపోయాయి, మనసు ఎలా ఉంది. రెండూ కలిపి చూడాలి. ఏ ఒక్కదాని మీదా తప్పంతా వేయకూడదు. సింగపూర్‌లో ఏడ్రియన్ యాప్, ఆయన తోటివాళ్ళు ఈ పద్ధతితోనే ఇక్కడి ఆసియా రోగులని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. అమెరికా, స్వీడన్ రోగుల్లో కనిపించిన తీరే మొత్తం మీద ఇక్కడా కనిపించింది.

2014లో ఆ పద్ధతి కొత్త రూపంలో వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. డాక్టర్ కండరం నొక్కినప్పుడు నొప్పి వస్తే సరిపోదు. "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడగాలి. రోగి "అవును, ఇదే" అంటేనే లెక్క. అంటే రోగికి తన నొప్పిని గుర్తుపట్టే మాటలు కావాలి.

మన లాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. సింగపూర్ బడుల్లో తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా మాతృభాషగా తీసుకోవచ్చు. తెలుగు లేదు. నేను హిందీ చదివాను. డాక్టర్‌తో ఇంగ్లీషులో మాట్లాడాను. రాజమండ్రిలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్లో "నొప్పి" అని చెప్తే ఆవిడ వెంటనే "ఎలాంటి నొప్పే? పోటా, సలుపా, లాగుతోందా?" అని అడిగారు. నాకు తేడా తెలియదు. ఆవిడే చెప్పారు.

పోటు అంటే పొడిచినట్టు వచ్చే నొప్పి: తలపోటు, చెవిపోటు. సలుపు అంటే ఆగకుండా కొట్టుకునే నొప్పి, పుండు సలిపినట్టు. లాగడం, గుంజడం కండరానివి. తీపు అంటే అలిసిపోయిన ఒంటి నొప్పి: "కాళ్ళు తీపులు". ఈ తీపుకీ పంచదార తీపికీ సంబంధం లేదు. పట్టేయడం అంటే కదలకపోవడం. కలుక్కుమనడం అంటే కదిలేటప్పుడు ఒక్కసారిగా పట్టుకోవడం. నాది పొద్దున్నే పట్టేసి, సాయంత్రానికి లాగే నొప్పి. అది చెప్పగానే పెద్దమ్మ "అయితే అది కండరం, ఎముక కాదు. కాపడం పెట్టుకో" అన్నారు. వారం తర్వాత ఫిజియోథెరపిస్ట్ పరీక్ష చేసి, కండరమే అన్నారు.

ఇప్పుడు ఏం చేయమంటున్నారు

నాకు కూడా ఒక చోట పళ్ళు కొన్ని అరగదీస్తే బాగుంటుందని చెప్పారు. అప్పటికి నేను ఈ చరిత్ర సగం చదివాను. ఒకే ప్రశ్న అడిగాను: "ఇది వద్దనుకుంటే మళ్ళీ ముందులాగా చేయవచ్చా?" చేయలేరని చెప్పారు. నేను ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. వేరే చోట చూపించుకున్నాను.

2023లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో నిపుణుల బృందం ఒక మార్గదర్శకం ప్రచురించింది. అది దీర్ఘకాలంగా ఉన్న దవడ నొప్పి గురించి. వాళ్ళు గట్టిగా సిఫారసు చేసినవి ఇవి: నొప్పిని ఎదుర్కొనే ఆలోచనా పద్ధతులు నేర్పే మానసిక చికిత్స, చేతులతో దవడని కదిపించే ఫిజియోథెరపీ, నిపుణుల పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, ఇంటి దగ్గర వ్యాయామాలు, రోగికి ధైర్యం చెప్పి విషయం వివరించడం. గట్టిగా వద్దన్నవి: పళ్ళ అమరికని శాశ్వతంగా మార్చే తొడుగులు, బిళ్ళ తీసేసే ఆపరేషన్, నల్లమందు జాతి మందులు కలిపిన నొప్పి మాత్రలు. రాత్రి పెట్టుకునే మామూలు తొడుగు, బొటాక్స్ సూదులు కూడా ఈ నొప్పికి సాధారణంగా వద్దనే అన్నారు, కానీ అంత గట్టిగా కాదు. పళ్ళు కొరికేవాళ్ళకి పళ్ళు అరగకుండా తొడుగు ఉపయోగపడవచ్చు. అది వేరే పని. తొడుగు ఇస్తే "ఇది నొప్పికా, పళ్ళకా?" అని అడగండి.

చేతులు, వేడి, కదలిక, ధైర్యం. మనం చాలా దూరం తిరిగి, చాలా పళ్ళూ ఎముకలూ పోగొట్టుకుని, ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు తేడా ఏమిటంటే, ఏది పనిచేస్తుందో పోల్చి చూసి చెప్తున్నారు.

నాకు నేర్పినవి చెప్తాను. పెదవులు కలవాలి, పళ్ళు కలవకూడదు. నాలుక కొన "న" అనేటప్పుడు ఉండే చోట ఉంచాలి. "న" అని చూడండి, పళ్ళు వాటంతట అవే విడిపోతాయి. రోజుకి రెండుసార్లు చెంపకి 15 నిమిషాలు వెచ్చటి కాపడం. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మెత్తటి తిండి: ఇడ్లీ, పప్పన్నం, ఇక్కడి గంజి. చెరుకు ముక్కలు, జంతికలు, వేరుశెనగ చిక్కీ, ఎండిన కటిల్‌ఫిష్ కొన్నాళ్ళు ఆపాలి. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మరీ తెరవకుండా ఆపాలి. మా తాతయ్య ఆవులిస్తే నోటి ముందు చిటికెలు వేసేవారు. చిటికెతో పాటు గడ్డం కూడా పట్టుకుంటే దవడకి మేలు! నాకు మూడు నెలల్లో చాలా తగ్గింది. పరీక్షల ముందు, పని ఎక్కువైనప్పుడు ఇంకా వస్తుంది. వస్తే ఏం చేయాలో తెలుసు.

ఇది దవడ కీలు కాకపోవచ్చు

అన్ని దవడ నొప్పులూ ఇదే అనుకోవద్దు. కొన్నిటికి వెంటనే వెళ్ళాలి.

నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ నొప్పి వచ్చి, ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే అది గుండె కావచ్చు. 50 ఏళ్ళు దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక వస్తే అదే రోజు వెళ్ళాలి. అది రక్తనాళాల వాపు కావచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది. జ్వరం, బుగ్గ వాపు ఉంటే చీము పట్టి ఉండవచ్చు. మొహం తిమ్మిరెక్కినా చూపించుకోవాలి.

మన వాళ్ళకి ఇంకొకటి. వక్క చాలా ఏళ్ళు నమిలేవాళ్ళకి బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు మెల్లమెల్లగా తెరుచుకోవడం మానేస్తుంది. కారం తింటే మంట. ఇది కీలు జబ్బు కాదు, ఇది క్యాన్సర్‌గా మారవచ్చు. వక్క క్యాన్సర్ తెస్తుందని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రకటించింది. ఇంట్లో తాతయ్యకో నాయనమ్మకో మూడు వేళ్ళు పట్టే నోట్లో ఇప్పుడు రెండే పడుతుంటే, "వయసు" అని వదిలేయకండి.

సింగపూర్‌లో దక్షిణ చైనా మూలాలున్న వాళ్ళలో ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ ఎక్కువ. చెవి ఒకవైపు మూసుకుపోవడం, మెడలో గడ్డ, ముక్కులోంచి రక్తం, నోరు తెరుచుకోకపోవడం దాని గుర్తులు కావచ్చు. మీ చైనీస్ స్నేహితులకి ఇది చెప్పండి.

మిగతా మామూలు దవడ నొప్పికి ముందు పాలీక్లినిక్‌లోనో, మీ పళ్ళ డాక్టర్ దగ్గరో చూపించుకోవచ్చు. అవసరమైతే వాళ్ళు అవుట్రమ్‌లోని నేషనల్ డెంటల్ సెంటర్ లాంటి చోటికి పంపిస్తారు. ఎక్కడికి వెళ్ళినా, ఏ వైద్యం చెప్పినా, ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి: "వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు అన్న వైద్యాలన్నీ ముందు ప్రయత్నించండి.

మీ ఇంట్లో ఈ నొప్పిని ఏమంటారు? "దవడ పట్టేసింది" అంటారా, "దవడ లాగుతోంది" అంటారా, ఇంకేదైనా మాట ఉందా? పెద్దవాళ్ళని అడిగి నాకు రాయండి. నాకు తెలియని మాటలు వస్తే వచ్చే నెల అందరికీ చెప్తాను.